గుళ్ళు గట్టెక్కాయి, మరి ఊళ్ళు?

శ్రీశైలం జలాశయం ప్రస్తావన వస్తే చాలు, చరిత్ర తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి బోటు నడిపేవాళ్ళ దాకా అందరూ ఒకే పాట పాడతారు. మునగబోయే గుళ్ళన్నీ ముందే తరలించేశారు గదా, చరిత్రకు పెద్ద నష్టమేమీ జరగలేదు అంటారు. ఇంకాస్త గట్టిగా అడిగితే రెండో ముక్క కూడా వినిపిస్తుంది: మిగిలిందేముంది, జనం వదిలేసి పోయిన మట్టి మిద్దెలు, నాలుగు పాడుబడ్డ బురుజులు, వాటికోసం ఏడవడమెందుకని. పగిడ్యాల, నందికొట్కూరు, కొత్తపల్లె మండలాల్లో వెనుకజలాల ఒడ్డున బతికేవాళ్ళు సైతం ఈ మాటను తలూపి ఒప్పుకోవడం నేను చూశాను. పదేపదే విన్న మాట నిజమనిపించడం మామూలే. కానీ ఇది నిజం కాదు. మొదటి ముక్క సగం నిజం, రెండోది పూర్తిగా అబద్ధం.

ముందు ఆ సగం నిజానికి దక్కాల్సిన మర్యాద ఇద్దాం. కూడవెల్లిలో చాళుక్యుల కాలపు సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. పాపనాశి గుళ్ళ గుంపునూ అలంపురం పరిసరాలకే చేర్చారు. నివృత్తి సంగమం దగ్గరి రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు జగన్నాథగట్టు ఎక్కింది. అలంపురం నవబ్రహ్మ ఆలయాలను కదిలించకుండా నీళ్ళకు అడ్డంగా కట్ట కట్టారు. చిన్న పని కాదది. ఏ రాయి ఏ రాయి మీద కూర్చోవాలో తెలిసిన స్థపతులు, ఇంజనీర్లు ఏళ్ళ తరబడి చెమటోడ్చారు. వాళ్ళను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్ళ చేతికి ఇచ్చిన జాబితాతోనే నా తగవంతా. ఆ జాబితాలో దేవుడున్నాడు, రాజున్నాడు. ఊరు లేదు.

1963లో పునాదిరాయి పడిన ప్రాజెక్టు 1980ల మొదట్లో నీళ్ళు నిలబెట్టే దశకొచ్చింది. నిండుమట్టం 885 అడుగులు. ఆ గీత కింద నూరుకు పైగా ఊళ్ళు, దాదాపు లక్షమంది జనం. 1981లో ఆ ఊళ్ళను ఖాళీ చేయించారు. కదలనివాళ్ళ ఇళ్ళను కూలగొట్టించారు. జనం తలుపులూ దూలాలూ బండ్లకెత్తుకుని మెరక మీదికి వచ్చి, రాళ్ళ గుట్టల నడుమ కొట్టాలు వేసుకున్నారు. దీన్ని 'వదిలేసి పోవడం' అని రాసేవాళ్ళకు నాదొక ప్రశ్న. మీ ఇంటి ముందు పోలీసునీ బుల్డోజరునీ నిలబెట్టి, మీరు బయటికొచ్చాక, మీరే ఇల్లు వదిలేశారని రాస్తే ఒప్పుకుంటారా?

నిజంగా వదిలేసిన ఊరెలా ఉంటుందో చూడాలంటే స్కాట్లండు పడమటి సముద్రంలోని సెయింట్ కిల్డా దీవులకు పోవాలి. అక్కడ హిర్టా అనే లంకలో ఒకే వీధి, ఆ వీధిలో రాతి ఇళ్ళు. బతుకు గడవక, రోగమొస్తే దిక్కులేక, మమ్మల్ని ఇక్కడినుంచి తీసుకుపొండని అక్కడి జనమే ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. 1930 ఆగస్టు 29న మిగిలిన 36 మందీ ఓడెక్కారు. ఆ వీధిలో గొప్ప గుడి లేదు, రాజకోట లేదు, శాసనం లేదు. పక్షుల్ని పట్టి, గొర్రెల్ని మేపి బతికినవాళ్ళ ఇళ్ళు, గోడలు, రాతి కొట్లు, అంతే. దాని ప్రకృతి కోసం 1986లోనే యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2005లో ఆ మనుషుల బతుకు జాడల కోసం మళ్ళీ చేర్చింది. 36 మంది వదిలిన రాతి వీధి ప్రపంచ వారసత్వం అయినప్పుడు, లక్షమందిని లేపేసిన కృష్ణ ఒడ్డు ఊళ్ళు 'పాడుదిబ్బలు' ఎట్లా అయ్యాయి?

మనకు చేతకాక వదిలేశామన్న సాకు కూడా నిలవదు. పాతికేళ్ళ ముందే, ఇదే కృష్ణ మీద, ఇంతకంటే బాగా చేసి చూపించిన దాఖలా ఉంది. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేసేనాటికే నాగార్జునకొండ లోయలో తవ్వకాలు మొదలయ్యాయి. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో ఆ లోయను జల్లెడ పట్టారు. రాతి పనిముట్ల కాలంనుంచి ఇక్ష్వాకుల విజయపురి దాకా నూరుకు పైగా చోట్లు బయటపడ్డాయి. స్తూపాలు, విహారాలతో ఆగిపోలేదు. మామూలు ఇళ్ళ పునాదులు, వీధులు, స్నానఘట్టాలు, శవాలు పాతిన రాతిగుళ్ళు, అన్నీ గీసి, కొలిచి, రాశారు. ఎగువన ఏలేశ్వరంలో రాష్ట్ర పురావస్తు శాఖ తరఫున అబ్దుల్ వహీద్ ఖాన్ తవ్వకాలు జరిపారు. ఇవాళ ఏలేశ్వరం గట్టు నీళ్ళ నడుమ ఒంటరిగా మిగిలింది. శివరాత్రికి జనం బోట్ల మీద వెళ్ళివస్తారు.

నాగార్జునకొండకు లాంచీలో పోయేవాళ్ళలో చాలామంది అదొక ప్రాచీన బౌద్ధ ద్వీపమనుకునే దిగుతారు. అది ద్వీపం కాదు, 1960ల దాకా ఎన్నడూ కాలేదు. అదొక కొండ. కొండమీద కనిపించే కోటగోడ బౌద్ధులది కాదు, వాళ్ళ తర్వాత వెయ్యేళ్ళకు పైగా గడిచాక రెడ్డిరాజుల, విజయనగరపు కాలాల్లో నిలిచిన గిరిదుర్గం. 1515లో కొండవీడు మీదికి పోతూ శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్న దుర్గాల వరసలో అద్దంకి, వినుకొండ, బెల్లంకొండలతోపాటు నాగార్జునకొండ పేరుంది. అసలు విజయపురి కొండమీద లేదు, కింద లోయలో ఉంది, అది నీళ్ళ అడుగున ఉంది. కొండమీద మనం చూసేవి కిందినుంచి మోసుకొచ్చి తిరిగి కట్టినవి. 1966లో తెరిచిన మ్యూజియం ఆ కోట నడుమనే ఉంది. కొండకోట, దాని నెత్తిన బౌద్ధ స్తూపాలు, చుట్టూ ఆనకట్ట నీళ్ళు. మూడు వేర్వేరు కాలాల్ని ఒకే ఫొటోలో చూసి 'ప్రాచీన ద్వీపం' అనేస్తున్నాం.

అంత శ్రద్ధ పెట్టిన చోట కూడా ఒకటి జారిపోయింది. ఆ లోయలో 1950ల్లో పుల్లారెడ్డిగూడెం అనే ఊరుంది. తవ్వకాల గురించి రాసినవాటిలో ఆ పేరు ఎక్కడ వచ్చినా దారి చెప్పడానికే వస్తుంది: ఫలానా స్తూపం పుల్లారెడ్డిగూడేనికి ఇటువైపు, ఫలానా విహారం అటువైపు. మూడో శతాబ్దపు వంటింటికి కొలతలున్నాయి, ఇరవయ్యో శతాబ్దపు వంటింటికి లేవు. చచ్చినవాడి ఇల్లయితే చరిత్ర, బతికున్నవాడి ఇల్లయితే అడ్డం. మన పురావస్తు జ్ఞానానికి పుట్టుకతో వచ్చిన అవకరమిది. పాతికేళ్ళ తర్వాత శ్రీశైలంలో అది ఇంకా ముదిరింది. ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు లెండి. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కోసం అబూ సింబెల్ గుడిని ప్రపంచమంతా చందాలేసి కొండమీదికి ఎత్తింది. అదే నీటికింద ఊళ్ళు పోయిన నూబియన్లను రైళ్ళలో, పడవల్లో కోమ్ ఓంబోకు తోలారు. గుడికి వచ్చిన చందా వాళ్ళ మట్టి గోడల రంగుల బొమ్మలకు రాలేదు.

ఇక మట్టి మిద్దెల్లో చరిత్రేముంది అనేవాళ్ళకు జవాబు పగిడ్యాల మండలంలోనే ఉంది. ఎండాకాలం ముదిరి జలాశయం కిందికి దిగాక ముచ్చుమర్రి వైపు ఒడ్డున నడిస్తే పర్రెలు పడ్డ ఒండ్రు, అందులోంచి తల బయటపెట్టిన గోడల మొదళ్ళు కనిపిస్తాయి. ఒకచోట రోలు, దాని పక్కన వాకిలి రాయి. గొర్రెలు తోలుకొచ్చిన ఒక అవ్వ నన్ను చూసి, "ఏం ఎతుకుతాండావు నాయనా, ఈడ బంగారమేం లేదులే" అంది. ఏం లేదవ్వా, ఊరు చూద్దామని వచ్చినానన్నాను. ఆమె చేతికర్రతో నేలమీద ఒక గుండ్రటి పల్లం చూపించింది. "ఇది పాతర. రెండు పుట్ల జొన్నలు పట్టేది. తీసేటప్పుడు ముందు దీపం దించేవాళ్ళు. దీపం ఆరిపోతే ఆ పొద్దు ఎవురూ దిగేది లేదు."

అదే గుంత రెండువేల ఏళ్ళనాటి దిబ్బలో దొరికితే ఏమవుతుందో ఆలోచించండి. దాని అడ్డకొలతా లోతూ తీస్తారు, చుట్టూ తాడు కడతారు, అడుగు మన్ను జల్లెడ పట్టి మాడిన గింజలు ఏరతారు, ఫొటో తీసి పుస్తకంలో అచ్చేస్తారు. ఆ గుంతను ధాన్యం దాచడానికి వాడి ఉండవచ్చని అయిదారు పేజీల ఊహ రాస్తారు. ఇక్కడ ఊహతో పనిలేదు. అడుగున ఏ గడ్డి పరిచారో, మూత ఏ మట్టితో మెత్తారో, లోపలి విషగాలిని దీపంతో ఎలా కనిపెట్టారో చెప్పే మనిషి గుంత అంచునే నిలబడి ఉంది. ప్రాచీన ఊళ్ళను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి తాళంచెవి ఉంటుందా? మట్టి గోడ మీద దంతెలు పరిచి, వాటి మీద కట్టెలూ బోదా వేసి, పైన చౌడు మన్ను తొక్కిన మిద్దె ఎన్నేళ్ళకు కారుతుంది, కూలితే ఎటు కూలుతుంది, పొగ పోవడానికి వదిలిన గవాచి ఎంత వెడల్పు, ఇవన్నీ తెలిస్తే శాతవాహనుల పాటిదిబ్బ కూడా కొత్తగా అర్థమవుతుంది. నూరుకు పైగా ఊళ్ళ నిండా ఇలాంటి జ్ఞానం ఉంటే, మనం గుడి రాళ్ళకు అంకెలు వేసుకుంటూ కూర్చున్నాం.

అప్పటికి అలా ఊళ్ళ చరిత్ర రాసే అలవాటే లేదు, ఇదంతా ఇప్పటి ఆలోచన అని కొందరంటారు. ఇది మరీ అన్యాయం. కర్నల్ కాలిన్ మెకంజీ 1794లోనే శ్రీశైలం వచ్చి చూసి రాసినవాడు. ఆయన దగ్గర పనిచేసిన ఏలూరివాళ్ళు, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులూ, వాళ్ళ వెంబడి గుమాస్తాలూ ఊరూరూ తిరిగి కరణాల దగ్గరి కవిలెలు చూసి, పెద్దల్ని అడిగి కైఫీయత్తులు రాయించారు. ఊరు ఎవరు కట్టించారు, చెరువు ఎప్పుడు తవ్వారు, బురుజు ఎందుకు లేచింది, ఏ కులాలవాళ్ళు ఎక్కడినుంచి వచ్చి చేరారు, అంతా. వాటిలో పుక్కిటి పురాణాలు ఉన్నాయి, ఎవరి గొప్ప వాళ్ళు చెప్పుకున్నారు, అయినా ఊరికి నోరిచ్చారు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య అహోబిలం, మహానంది, శ్రీశైలం చూసుకుని ఈ సీమమీదుగానే కృష్ణ దాటాడు. దారిలోని ఊళ్ళలో దిగడానికి వసతి ఉందా, దుకాణాలున్నాయా, నీళ్ళు ఎట్లాంటివి అని రాసుకుంటూ పోయాడు. ఆయన పురావస్తు పండితుడు కాడు, సుప్రీంకోర్టులో దుబాసీ. జీపులు, కెమెరాలు, టేపు రికార్డర్లు ఉన్న 1981 ప్రభుత్వం గుర్రాల మీదా పల్లకీల మీదా తిరిగినవాళ్ళు చేసినంత కూడా చెయ్యలేకపోయిందంటే, దానికి తెలివి తక్కువ అనే పేరు చాలదు.

కోటల సంగతీ ఇంతే. మనకు కోట అంటే రాజుదే. గండికోట, కొండవీడు, కర్నూలు కొండారెడ్డి బురుజు, వీటికి బోర్డులుంటాయి, రంగుదీపాలుంటాయి. కానీ కర్నూలు, కడప సీమల్లో ఊరి బురుజు, ఊరి గవిని అనేవి ఉన్నాయి. దోపిడీగాళ్ళు, దండుమూకలు వచ్చిపడే రోజుల్లో ఊరివాళ్ళు తమ ఖర్చుతో, తమ రెక్కలతో లేపుకున్నవవి. బురుజు ఎక్కి కావలి కాసినవాడు తలారి, గవిని తలుపు మూసినవాడు ఊరి మనిషి. రాజు పేరు ఏ రాయి మీదా లేదు గనుక అవి ఎవరి జాబితాలోకీ ఎక్కలేదు. ఇప్పటికీ మెరక మీది ఊళ్ళలో మిగిలిన బురుజుల రాళ్ళను పశువుల దొడ్లకూ రోడ్లకూ లాక్కుపోతున్నారు. ఏ కొండకోట ఎక్కినా గోడ మొదట్లో గుప్తనిధులోళ్ళు తవ్విన గుంతలు, నిమ్మకాయలు కనిపిస్తాయి. అవ్వ నన్ను చూసి బంగారం సంగతి ఎత్తింది ఊరికే కాదు. పాత చోట్లో విలువైనది బంగారమే, అది లేకపోతే అక్కడేమీ లేనట్టే అన్న ఆలోచన గుప్తనిధులోళ్ళదీ, తరలింపు జాబితా రాసినవాళ్ళదీ ఒకటే. కొలత ఒకటే, చేతిలో పలుగు ఒకరికి, కలం ఒకరికి.

"ఎండాకాలంలో అంతా బయటపడుతూనే ఉంది గదా, ఎక్కడికి పోతుంది" అనేది మరో ఓదార్పు. నీటిమట్టం 840 అడుగుల చుట్టుపక్కలకు దిగగానే, తరలించకుండా నీళ్ళలోనే మిగిలిన సంగమేశ్వరం గుడి తేలుతుంది, వేపదారు లింగానికి పూజలు మొదలవుతాయి, టీవీలు వస్తాయి. గుడి రాతిది, తట్టుకుంటుంది. మట్టి గోడకు అంత ఓపిక లేదు. ఏటా నానడం, ఎండడం, అలల కోత, ఆపైన ఒండ్రు. ఈ జలాశయంలో మొదట్లో 308 టీఎంసీలు నిలిచేవి, ఇప్పుడు లెక్కకొచ్చేవి 215 చిల్లర. ఆ తేడా అంతా ఒండ్రే. ఆ ఒండ్రు కింద ఏమున్నదీ ఇక ఎండాకాలం కూడా చూపించదు. తేలిన మేరలో ట్రాక్టర్లు దున్నుతాయి, మునిగిన భూమిలోనే ఒక పంట తీసుకోవాలని రైతు ఆరాటం, అతన్ని తప్పుపట్టలేం. అవతలి ఒడ్డున సోమశిలకు 'మినీ మాల్దీవులు' అని పేరుపెట్టి టిక్కెట్లు అమ్ముతున్నారు. మాల్దీవుల్లో ఏ ఊరిని ముంచి ఆ సముద్రాన్ని చేశారో నాకు తెలియదు.

ఇలా మాట్లాడగానే ఆనకట్టకు వ్యతిరేకివా అని నిలదీస్తారు. కాదు. కరెంటూ నీళ్ళూ అక్కర్లేదనడానికి రాయలసీమవాడికి నోరెట్లా వస్తుంది? కానీ ఆ వాదనకు ఈ ఒడ్డున చాలా చేదు రుచి ఉంది. ఊళ్ళూ పొలాలూ ఇచ్చినవాళ్ళు నీళ్ళను కళ్ళముందు పెట్టుకుని దశాబ్దాలపాటు వానకోసం మొగులు చూశారు. మద్రాసుకు కృష్ణ నీళ్ళిచ్చే ఒప్పందం 1983లోనే అయింది. ముచ్చుమర్రి ఎత్తిపోతల మోటార్లు తిరిగింది 2017లో. నిర్వాసిత కుటుంబానికో ఉద్యోగమన్న జీవో 98 వచ్చింది 1986లో, ఆ కాగితం పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరిగిన తండ్రుల జాగాలో కొడుకులు తిరిగారు. ఊరు పోయింది, పొలం పోయింది, కనీసం ఫలానా ఊరు ఇలా ఉండేదన్న వాక్యమైనా వాళ్ళకు దక్కలేదు. దానికి ఒక్క టీఎంసీ నీరు తగ్గించనక్కర్లేదు, గేటు ఒక్క అంగుళం దించనక్కర్లేదు.

డబ్బు లేదు, తీరిక లేదు అన్నది చివరి సాకు. ఇది వింటే నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే ఆ ఊళ్ళను ప్రభుత్వం ఇల్లిల్లూ కొలిచింది. భూసేకరణ చట్టం కింద పరిహారం కట్టాలంటే కొలవక తప్పదు గదా. గోడ రాతిదా మట్టిదా, మిద్దె ఎన్ని దంతెలది, గడప ఏ కట్టెది, బావి ఎంత లోతు, పెరట్లో చింతచెట్లెన్ని, వేపచెట్లెన్ని, అన్నీ రాసి ఒక్కోదాని ఎదుట రూపాయలు వేసి సంతకం పెట్టారు. కృష్ణ ఒడ్డు ఊళ్ళ మీద ఇంతకంటే వివరమైన గ్రంథం ఇంకొకటి ఉండదు. రాసినవాళ్ళు దాన్ని చరిత్ర అనుకోలేదు, ధరల పట్టీ అనుకున్నారు. నోరు తెరిచి చదివితే చాలు, ఒక్కో ఊరూ వీధి వీధిగా లేచి నిలబడుతుంది. మునిగిన ఊళ్ళ గ్రామ పటాలు, సర్వే నంబర్లు దానికి తోడు. 1981లో ఇరవయ్యేళ్ళున్నవాళ్ళు ఇప్పుడు అరవై దాటారు. పటం ముందు పెట్టి అడిగితే, ఇది మా ఇల్లు, ఇది రచ్చకట్ట, ఇది గవిని అని వేలుపెట్టి చూపించగలరు.

ఆ పరిహారపు అవార్డు దస్త్రాలు ఇవాళ ఏ అటకల మీద, ఏ చెదల పాలబడి ఉన్నాయో, కాలపరిమితి తీరిందని ఎన్నిటిని తూకానికి వేశారో ముందు తేల్చాలి. నంద్యాల, కర్నూలు కలెక్టరేట్లు తమ దగ్గరివి, కృష్ణకు అవతలి జిల్లాలు తమ దగ్గరివి ఊరివారీగా వేరుచేసి, నకళ్ళు తీయించి రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పంపాలి. పురావస్తు శాఖ నీరు దిగిన నెలల్లో ఆ పటాలతో ఒడ్డుకు రావాలి. ఎండాకాలం రెండు నెలలకు మించి ఉండదు, ఎగువన వానలు పడితే అదీ ఉండదు.